కాలు పోయిన కుక్కకు కుట్లే ప్రాణం
చీము పట్టకుండా చూసుకోవాలి... పడితే భయపడక మాన్పుకోవాలి

శెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు అడవి పందుల బెడద మొదలవుతుంది. పందుల కోసమని ఎవరో ఒకరు గట్ల వెంబడి ఉచ్చులు పెడతారు. వాటిలో పంది పడుతుందో లేదో గానీ, రాత్రంతా చేనికి కాపలా తిరిగే కుక్క మాత్రం పడుతుంది. బండి బ్రేకు వైరుతో చేసిన ఉచ్చు లాగేకొద్దీ బిగుస్తుంది. తెల్లారి రైతు వెళ్లి చూసేసరికి వైరు చర్మం కోసి, కండ కోసి, ఎముక దాకా దిగి ఉంటుంది. వైరు కింది భాగానికి రక్తం అందదు. కాలు చల్లబడుతుంది, నల్లబడుతుంది, రెండు మూడు రోజుల్లో కుళ్లు వాసన వేస్తుంది. అప్పుడు పశువైద్యుడు చెప్పే మాట ఒక్కటే... కాలు తీసేయాలి.

ఉచ్చులే కాదు. వరి కోత మిషన్ల కింద, రోడ్డు మీద లారీల కింద పడి కాళ్లు పోగొట్టుకునే కుక్కలూ ఉన్నాయి. పాడి పంటల పేజీలో కుక్క గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. గొర్రెల మంద కట్టే కాపరిని అడగండి, టమాట తోటలో గుడిసె వేసుకుని పడుకునే రైతును అడగండి. జీతం లేని కాపలాదారు విలువ వాళ్లే చెబుతారు.

కాలు తీయాలనగానే చాలామంది రైతులు 'మూడు కాళ్లతో అదేం బతుకు సార్, సూది వేసి పంపించేయండి' అంటున్నారు. ఆ తొందర వద్దు. కుక్క శరీర బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. కాబట్టి వెనక కాలు పోయిన కుక్క త్వరగా కుదురుకుంటుంది. ముందు కాలు పోతే కాస్త ఆలస్యమవుతుంది. ఏ కాలైనా, మిగతా మూడూ బాగున్న కుక్క ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకే లేచి నిలబడడం మామూలే. కాలు లేదని కుక్క దిగులుపడదు. దాన్ని ప్రాణం మీదికి తెచ్చేది కాలు పోవడం కంటే, కాలు తీసిన చోట పట్టే చీము.

అంత పైకి కోస్తారెందుకు?

'ఉచ్చు పడింది మడమ దగ్గర కదా, డాక్టరు తొడ దాకా తీసేశాడేమిటి' అని రైతులు గొణుక్కోవడం వింటూంటాం. దానికి కారణం ఉంది. మోకాలి కింద మొండెం వదిలితే కుక్క దాన్ని నేలకు ఆనించబోతుంది. నడిచినప్పుడల్లా రాయికి, మట్టికి రాసుకుని పుండు పడుతుంది. ఆ పుండు ఎన్నటికీ మానదు. అందుకే వెనక కాలైతే తొడ మధ్యకో తుంటి కీలు దగ్గరికో, ముందు కాలైతే సాధారణంగా జబ్బ ఎముకతో సహా తీసేస్తారు. పైన కండ మందంగా ఉంటుంది కాబట్టి కుట్ల కింద ఎముకకు పరుపులా కప్పుకుంటుంది.

అయితే పెద్ద కండలు కోసిన చోట లోపల ఖాళీ మిగులుతుంది. అక్కడ నీరు, రక్తం చేరతాయి. పైగా ఉచ్చులో నలిగి, మట్టి కొట్టుకుని, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన కేసుల్లో క్రిములు ముందే ఒంట్లోకి ఎక్కి ఉంటాయి. ఆపరేషన్ ఎంత శుభ్రంగా చేసినా ఇలాంటి వాటిలో చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ పని ఆస్పత్రిలో ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత పక్షం రోజుల పని ఇంట్లోదే.

పలమనేరు వైపు ఒక పల్లెలో రెండెకరాల శెనక్కాయ రైతు ఇంట ఇదే జరిగింది. కుక్కకు వెనక ఎడమ కాలు తీశారు. ఇంటికి తెచ్చి, నీడగా ఉంటుందని ఆవుల కొట్టంలో కట్టేశారు. పేడ, మూత్రం, ఈగలు అక్కడే. శుభ్రం చేద్దామని రైతు ఫినాయిలు కలిపిన నీళ్లతో కుట్లు కడిగాడు. నాలుగో రోజుకు కుట్ల కింది కొస ఉబ్బి, పసుపు పచ్చని చీము కారడం మొదలైంది. 'కాలు తీసినదినం సాయంత్రమే గంజి తాగింది సార్. నాలుగో దినం నుంచి సంగటి ముద్ద ముట్టలా. వాసన వచ్చేటప్పటికి మా ఇంటాయన ఇంక పోతాదిలే అనేసినాడు' అని ఆ ఇల్లాలు చెప్పింది. ఆమే ఆటో మాట్లాడుకుని మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కింది నాలుగు కుట్లు విప్పి, చీము బయటికి వదిలి, లోపల కడిగి, ఆ భాగాన్ని తెరిచే ఉంచాడు. పది రోజులు మందులు వాడారు. రోజుకు రెండు సార్లు ఆమే కడిగింది. అయిదో వారానికి పుండు మూసుకుంది.

ఇంతకీ కుట్లు విప్పి తెరిచి ఉంచడమే ఆ ఇంటివాళ్లను ఎక్కువ భయపెట్టింది. చీము ఉన్న గాయాన్ని పైన కుట్టేసి మూసిపెడితే అది లోలోపలే పాకుతుంది. దారి ఇస్తే బయటికి పోతుంది. తెరిచిన గాయం అడుగు నుంచి కొత్త కండ పెరుగుతూ నిండుకొస్తుంది. ఆ కండ దానిమ్మ గింజల్లా ఎర్రగా, బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. ముట్టుకుంటే కాస్త రక్తం చిమ్ముతుంది. దీన్ని చూసి పుండు ముదిరిందనుకుని గట్టిగా రుద్ది తీసేసేవారున్నారు. రుద్దకూడదు. అది మానుతున్న గుర్తు.

ఏది మామూలు, ఏది చీము?

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు కుట్ల చుట్టూ కొంచెం వాపు, ఎరుపు ఉంటాయి. పలుచగా, లేత గులాబీ రంగు నీరు కొద్దిగా కారవచ్చు. పొట్ట కింద, తొడ లోపల కమిలినట్టు నీలం మచ్చలు కనిపించవచ్చు. ఇవి మామూలే. కొన్నిటికి కుట్ల కింద మెత్తగా, వేడి లేకుండా నీటి సంచిలా ఉబ్బుతుంది. అది చేరిన నీరు. చాలాసార్లు దానంతట అదే ఇంకుతుంది. సూదితో గుచ్చి తీయబోతే బయటి క్రిములను మనమే లోపలికి పంపినట్టు. డాక్టరుకు చూపించి వదిలేయాలి.

మూడో రోజు తర్వాత వాపు తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అనుమానించాలి. చేయి పెడితే వేడిగా తగలడం, తాకనివ్వకపోవడం, చిక్కగా పసుపు రంగో ఆకుపచ్చ రంగో చీము రావడం, చెడు వాసన, కుట్లు కోసుకుపోయి అంచులు విడిపోవడం... ఇవన్నీ చీము గుర్తులు. కుక్క మూల చేరి పడుకోవడం, తిండి మానడం చీము కంటికి కనిపించక ముందే కూడా జరగవచ్చు.

జ్వరం చేత్తో, ముక్కు తడిని బట్టి తెలియదు. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరు కొనుక్కుంటే మంచిది. కొనకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు వేడి. మనిషికి జ్వరమయ్యే 101 కుక్కకు జ్వరం కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 103 దాటితే డాక్టరుకు చెప్పాలి. ఆ థర్మామీటరును కుక్కకే వేరుగా ఉంచాలని వేరే చెప్పనక్కర్లేదు.

కడిగే పద్ధతి

ముందు మన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో యజమానినే కరుస్తుంది. కాబట్టి ఒకరు తల పట్టుకోవాలి, మూతికి గుడ్డ పట్టీ వదులుగా కట్టాలి. వాంతి చేసుకునేలా ఉన్నా, ఊపిరి కష్టంగా ఉన్నా మూతి కట్టకూడదు.

లీటరు నీటిని బాగా మరగకాచి, రెండు చిన్న చెంచాల ఉప్పు తలకొట్టి వేసి, గోరువెచ్చగా చల్లార్చుకోవాలి. లేదంటే మందుల షాపులో నార్మల్ సెలైన్ సీసా తెచ్చుకోవచ్చు. 20 మిల్లీలీటర్ల సిరంజికి సూది తీసేసి, దాంతో నీటిని ధారగా కొట్టి చీమును కడిగేయాలి. డాక్టరు చెబితే పోవిడోన్ అయోడిన్ ద్రావణం వాడాలి. సీసాలో ఉన్న 10 శాతం మందును ఉన్నదున్నట్టు పోయకూడదు. లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు, అంటే పలుచటి టీ రంగు వస్తే చాలు. చిక్కగా ఉంటే క్రిములతో పాటు కొత్త కండ కూడా చస్తుంది.

కడిగాక శుభ్రమైన గాజు గుడ్డతో అద్దాలి. దూదిని నేరుగా పుండు మీద పెడితే పోగులు అతుక్కుపోతాయి. కట్టు కట్టమంటేనే కట్టాలి. కట్టు తడిస్తే ఆ గంటలోనే మార్చాలి. అతుక్కుపోయిన కట్టును గుంజకుండా ఉప్పు నీటితో తడిపి వదులు చేసి తీయాలి. మగ కుక్కకు వెనక కాలు తీసి ఉంటే మూత్రం కుట్ల మీద పడుతుందేమో చూసుకోవాలి. గాయంలో డాక్టరు మెత్తటి రబ్బరు గొట్టం పెట్టి ఉంటే అది చీము, నీరు దిగడానికే. వేలాడుతోందని లాగేయకూడదు. సాధారణంగా మూడు నుంచి అయిదు రోజుల్లో డాక్టరే తీస్తాడు.

ఇవి పూయొద్దు

పల్లెల్లో గాయం మీద ఏది పడితే అది వేసే అలవాటుంది. కిరోసిన్, ఫినాయిలు, సున్నం, కాఫీ పొడి, పొగాకు రసం, బూడిద, బ్యాటరీ నీళ్లు... ఒక్కో ఊరికి ఒక్కో వైద్యం. ఇవి కండను కాలుస్తాయి. కుక్క నాకితే కడుపులోకి వెళ్లి విషమవుతాయి. స్పిరిట్, నీళ్లు కలపని డెట్టాల్, నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెరిచిన గాయంలో రోజూ పోసినా అంతే. నురగ వస్తే చీము చస్తోందని సంతోషపడతారు గానీ, అందులో మానే కండ కూడా పోతుంది. పసుపు మంచిదే కదా అంటారు. పొడిగా అద్దితే పైన పెచ్చు కట్టి చీముకు దారి మూసేస్తుంది. తేనె సంగతి వేరు. పశువైద్యులు కొన్ని గాయాలకు తేనె కట్టు వాడతారు. అది శుద్ధి చేసిన తేనెతో, వాళ్ల చేతుల మీదుగా జరగాల్సిన పని. సంతలో కొన్న బెల్లం పాకంతో కాదు.

మనుషుల మాత్రలు... కుక్కకు గండం

నొప్పితో మూలుగుతోందని ఇంట్లో ఉన్న మాత్ర వేయడం పెద్ద ప్రమాదం. పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను పాడుచేస్తాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడాన్ని రాబందుల చావుల కారణంగా 2006లోనే మన దేశంలో నిషేధించారు. అయినా మనుషుల మందుల షాపులో దొరుకుతుంది కాబట్టి చేతికి అందుతూనే ఉంది.

కుక్కలకు డాక్టర్లు తరచూ రాసే నొప్పి మందు మెలాక్సికామ్. అదీ కొలతతోనే. మొదటి రోజు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు 0.1. ఇరవై కిలోల కుక్కకు రోజుకు 2 మిల్లీగ్రాములే. మనుషుల మాత్ర ఒకటి 7.5 లేదా 15 మిల్లీగ్రాములు ఉంటుంది. అర మాత్రే కదా అని వేస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి. ఏ నొప్పి మందైనా డాక్టరు రాసిన మోతాదులో, తిండి పెట్టాకే వేయాలి. వాంతులైనా, మలం నల్లగా వచ్చినా ఆపి డాక్టరుకు చెప్పాలి.

చీము మందు సంగతి ఇంకొకటి. బర్రెకు వాడగా మిగిలిన సూది మందును కుక్కకు పొడిపించడం, రెండు రోజులకు చీము తగ్గగానే మాత్రలు ఆపేయడం రెండూ తప్పే. సగంలో ఆపితే మందుకు లొంగిన క్రిములు చచ్చి, లొంగనివి మిగులుతాయి. మళ్లీ చీము వస్తే అదే మందు పనిచేయదు. మూడు నాలుగు రోజులు వాడినా గుణం కనిపించకపోతే చీము తీసి ల్యాబుకు పంపి, ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రులు కొంచెం దూరమైనా, మొండి పుండ్లను అక్కడ చూపించుకోవడం మేలు.

నాకడం, ఈగలు

నాకితే పుండు మానుతుందని పెద్దల మాట. కుట్ల విషయంలో అది చెల్లదు. కుక్క నోట్లో క్రిములు లెక్కలేనన్ని. గరుకు నాలుకతో పది నిమిషాలు నాకితే కుట్లు ఊడి వస్తాయి. షాపుల్లో గరాటు లాంటి ప్లాస్టిక్ కాలరు దొరుకుతుంది. దొరక్కపోతే పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచులకు గుడ్డ చుట్టి మెడకు తగిలించి, పట్టీకి కట్టాలి. బకెట్ అంచు ముక్కు కంటే ముందుకు ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. తినేటప్పుడు ఎదుట కూర్చుని తీసి, మళ్లీ పెట్టాలి. పాపం అనిపించి రాత్రికి తీసేస్తే తెల్లారేసరికి అంతా మొదటికొస్తుంది.

వానాకాలంలో ఈగ వాలిన చీము పుండులో ఒక్క రోజులోనే పురుగులు పుడతాయి. అందుకే కుక్కను కొట్టంలో కాకుండా వసారాలోనో, గదిలోనో పొడిగా ఉన్న చోట ఉంచి దోమతెర కట్టాలి. పురుగులు పడ్డాయంటే ఇంటి వైద్యం మాని అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పైకి నాలుగు కనిపిస్తే లోపల నలభై ఉంటాయి. పశువుల పిడుదులకు కొట్టే మందును పుండులో పోయడం, గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిని కంటి కొలతతో వేయడం రెండూ ప్రాణాంతకం కావచ్చు.

పడక, తిండి

కింద గోనెపట్టా పరిచి, దాని మీద ఉతికిన పాత చీర వేయాలి. రోజూ మార్చాలి. నున్నటి బండల మీద మూడు కాళ్ల కుక్క జారి పడుతుంది, పడితే కుట్లు తెగుతాయి. లేవలేకపోతే తుండుగుడ్డను పొట్ట కింద ఉయ్యాలలా వేసి పట్టుకుని మూత్రానికి తీసుకెళ్లాలి. రెండు వారాలు పరుగు, గెంతడం వద్దు. స్నానం అసలే వద్దు.

కొత్త కండ పట్టాలంటే ఒట్టి సంగటి, గంజి చాలవు. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడి మాంసం, పెరుగన్నం రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఉల్లిపాయ వేసిన కూర పెట్టకూడదు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఇంత చూసుకుంటున్నా కొన్నిటికి ఆగకూడదు. కుట్ల నుంచి రక్తం బొట్లు ఆగకుండా పడుతున్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, చర్మం నల్లబడి నొక్కితే కరకరమన్నా, లోపలి ఎముక కనిపించినా, వేడి 104 దాటినా లేక 99 కంటే పడిపోయినా గంట కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేరాలి. దగ్గర్లో డాక్టరు లేకపోతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనం సంగతి అడగండి. కడుగుతుండగా కుక్క కరిస్తే, మన కుక్కే కదా అని ఊరుకోకూడదు. సబ్బు, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి వెళ్లాలి.

కుట్లు ఎప్పుడు తీయాలి?

చీము పట్టని గాయానికి 10 నుంచి 14 రోజుల్లో కుట్లు తీస్తారు. చీము పట్టి తెరిచిన గాయానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. బ్లేడుతో ఇంట్లో తీసుకోవద్దు. లోపల ఇంకా అతుక్కోని చోటు ఉందో లేదో డాక్టరు చేతికే తెలుస్తుంది.

గాయం మూసుకున్నాక మొదటి వారం గొలుసుతో పది నిమిషాల నడక చాలు. వారం వారం పెంచుతూ పోతే నెలన్నర రెండు నెలల్లో చేనికి తీసుకెళ్లవచ్చు. తీసుకెళ్లే ముందు రోజు పగటి పూట గట్లు, కంచెలు ఒకసారి తిరిగి చూడండి. అడవి జంతువులకు ఉచ్చులు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వైరు కనిపిస్తే తీసేయించి, పెట్టినవారితో గ్రామంలోనే మాట్లాడాలి. వినకపోతే అటవీ శాఖ సిబ్బందికి చెప్పాలి. ఒంటి కాలు భారం మిగతా మూడింటి మీద పడుతుంది కనుక కుక్కను లావెక్కనివ్వకూడదు, పక్కటెముకలు చేతికి తగిలేలా ఉంచాలి. గోళ్లు మూడు నాలుగు వారాలకోసారి చూసి, పెరిగితే కత్తిరించాలి.